సాక్ష్యబలము: సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితచరిత్రము

చదువరులారా! ఒక మాట నిజమని తనకు తోచుట వేఱు. అది నిజమని యితరులచేత నొప్పించుట వేఱు. మొదటిది మనస్సులో జరుగు పని. రెండవది నలుగురి యెదుట జరుగవలసిన పని. మనస్సులో తోచిన దానికి సాక్షులు వలదు. నలుగురి యెదుట పెట్టినదానికి సాక్షులు లేక గతిలేదు. మన దేశమున సదుద్దేశము గలవారికి కొదవ లేదు. ఉత్సాహముతో వ్రాయువారికిని కొదవ లేదు. కాని తాము చెప్పినదానికి ఆధార మేదని యొకరు ప్రశ్నించినప్పుడు కోపింపకయు, తడబడకయు, ఇదిగో ఆధారమని చూపగలవారు మాత్ర మరుదు. అట్టి యరుదైనవారిలో నొకరగు సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితమును మే మిందు సంగ్రహముగా వ్రాయబూనినాము.

ఈ చరిత్రమును ఇప్పుడు వ్రాయుటకు కారణము కలదు. హైదరాబాదు నగరమునకు తూర్పున, విజయవాడకు పోవు పెద్దబాటమీద, దిల్‌సుఖ్‌నగర్ అను పేట యున్నది. దాని కావల, మెట్రో రైలుమార్గమున మూడవ స్టేషనుగా, ఎల్.బి. నగర్ అనబడు లాల్ బహదూర్ నగర్ ఉన్నది. మొదటిదానియందు నల్లగొండ, ఖమ్మము, మహబూబునగరము మొదలగు ప్రాంతములనుండి వచ్చిన యువకులును యువతులును వేలకొలదిగా వసతిగృహములలో నుండి, ప్రభుత్వోద్యోగ పరీక్షలకై చదువుకొనుచున్నారు. రెండవదానియందు రంగారెడ్డి జిల్లా న్యాయస్థానము లున్నవి. ఒకచోట వాదమును కాగితముపై వ్రాయ నేర్చుకొందురు. మఱియొకచోట అదే వాదమును ప్రతిదినము త్రాసున వేసి తూచుదురు. గ్రూపు-1 ప్రధాన పరీక్షలో వ్యాసరచనకు ప్రత్యేకముగా నొక పత్ర మున్నది. అఖిలభారత సివిలు సర్వీసు పరీక్షలోను అట్లే. కావున వాదరచన నేర్చుట ఆ యువజనులకు వినోదము గాదు. జీవనోపాధితో ముడిపడిన సంగతి.

ఐనను వారిలో పెక్కురు వ్యాస మనగా గంభీరమైన మాటలతో మొదలిడి, నడుమ స్వరము హెచ్చించి, కడపట నాశీర్వచనముతో ముగించుట యని తలచుచున్నారు. స్త్రీవిద్య మంచిదని వ్రాయుదురు. ఏల మంచిదో చెప్పరు. చెప్పినను ఏ యూరిలో, ఏ సంవత్సరమున, ఎవరికి మేలు కలిగినదో చూపరు. ఎదుటివా డేమనునో ఆలోచింపరు. ఇది వారి దోషమే కాదు. సభలలోను పత్రికలలోను వారు ప్రతిదినము వినునది యిట్టి వాదమే. వీరికి సూత్రములు చెప్పుటకంటె, ఆ విద్యను తన జీవితమున సాధించి చూపిన పురుషుని చరిత్రము చెప్పుట మేలని మాకు తోచినది.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన జన్మించిరి. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. వారి స్వగ్రామము ఆలంపుర ప్రాంతమునందలి ఇటికాలపాడు. ఆ భాగ మప్పుడు నిజాము రాజ్యములోని రాయచూరు జిల్లాలో చేరియుండెను. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. తుంగభద్ర కీవల నిజాముగారి యేలుబడి. ఆవల కర్నూలు, అనగా ఆంగ్లేయుల యేలుబడిలోని మదరాసు రాజధాని. ఏటి కిరుగట్లను మాటాడునది తెనుగే. కాని యొకగట్టున తెనుగు పాఠశాలలును పత్రికలును పెరుగుచుండగా, రెండవగట్టున రాజ్యభాష ఉర్దూ యగుటచే తెనుగునకు కొలువుకూటములలో చోటు లేదు. ప్రతాపరెడ్డిగారు కర్నూలులో చదివి, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. పట్టమును, తిరువనంతపురమున బి.ఎల్. పట్టమును పొందిరి. తెనుగు, సంస్కృతము, ఉర్దూ, ఆంగ్లము వారికి స్వాధీనములు. రెండు గట్లను ఎఱిగినవాడు మాత్రమే ఒక గట్టువారి అపోహను రెండవగట్టువారి భాషలో తీర్పగలడు. ఈ విషయము వారి జీవితమున ముందుముందు తేటపడును.

చదువు ముగించి హైదరాబాదునకు వచ్చి కొంతకాలము న్యాయవాదవృత్తి నవలంబించిరి. ఆ వృత్తియందు వారు ధనమును కూర్చుకొన్నవారు గారు. కాని వృత్తి నేర్పిన యొక యభ్యాసము వారిని కడదాక విడువలేదు. న్యాయస్థానమున ఎంతటి వాగ్మియైనను, పత్రమో సాక్షియో లేనిదే ఒక యడుగు కదలలేడు. సాక్షి వచ్చినను వాని నెదుటి పక్షమువారు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలకు నిలిచినదే సాక్ష్యము. నిలువనిది వట్టి మాట.

అప్పటి హైదరాబాదు స్థితి నిచ్చట కొంత చెప్పవలెను. నిజాము రాజ్యమున తెనుగు మాటాడు ప్రజలు ఇంచుమించు సగమువంతు ఉండిరి. ఐనను 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. 1901లో నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారిచే విజ్ఞానచంద్రికా మండలియు నెలకొల్పబడి తెనుగునకు కొంత దిక్కైనవి. 1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుల యధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెనుగున మాటాడ మొదలిడగా, సభలోని కొందఱు కేకలు వేసి హేళన చేసిరి. సంస్కారమునకై కూడిన సభలో ఈ యసంస్కారము జరుగుట శోచనీయము. ఆ యవమానమునకు మారుగా కొందఱు పెద్దలు ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. తరువాత లక్ష్మణరాయ పరిశోధక మండలి యను పేర నొక సంఘము తెలంగాణమునందలి శాసనములను వెదకి ప్రతులు వ్రాసికొని సేకరింప సాగెను; అవి 1935లో తెలంగాణా శాసనములను పేర గ్రంథముగా వెలువడినవి.

ఇందొక రహస్య మున్నది. కేకలకు కేకలే బదులైనచో ఆ సాయంకాలముతో సమసిపోయి యుండును. కాని వారు సంఘమును, గ్రంథాలయములను, శాసనసంగ్రహమును నిర్మించిరి. అవమానమునకు నిర్మాణమే ప్రత్యుత్తర మను ఈ పద్ధతి ప్రతాపరెడ్డిగారికి పూర్వమే ఆ నగరమున మొలకెత్తెను. దానిని పూర్ణముగా ఫలింపజేసినవారు వారు.

రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శిగా నుండి ప్రతాపరెడ్డిగారు పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు తోడునీడయై నిలిచిరి. ఈ కాలముననే పత్రిక యొకటి యుండవలెనను తలంపు వారికి కలిగెను. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు వెలువడినవి గాని యవి దీర్ఘకాలము నిలువలేదు. 1926వ సంవత్సరము మే నెల 10వ తేదీన గోలకొండ పత్రిక ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున మొదలయ్యెను. వారమునకు రెండుమారులు వెలువడెడి యా పత్రికకు సంపాదకుడును, రచయితయు, తఱచుగా తప్పులు దిద్దువాడును వారే. పెక్కు మాఱుపేర్లతో తామే వ్యాసములు వ్రాసి పుటలు నింపిరి.

ఆ కాలమున పత్రిక నడుపుట సామాన్యమైన పని గాదు. గస్తీ నిషాన్ 53 అను ప్రభుత్వశాసనముచే సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. జనులు కూడుటయే యనుమానాస్పదము. ఇట్టి చోట ఆవేశముతో వ్రాసిన యొక వాక్యము పత్రికకు ఉరి కాగలదు. కాబట్టి వ్రాయువాడు ప్రతి మాటను తూచి వ్రాయవలసియుండెను. ఫలాని తాలూకాలో ఫలాని పాఠశాల మూతపడినదని ఊరుపేరు వ్రాసిన వార్తను కాదనుటకు అధికారికి వీలులేదు. రాజ్యమంతయు అంధకారమయ మని వ్రాసిన వాక్యమును శిక్షించుట కెంతైనను వీలున్నది. అణచివేత గల చోట ఆధారము వట్టి అలంకారము గాదు, కవచము. యువజనులు ఈ సంగతిని గుర్తెఱుంగవలెను.

1930లో మెదకు జిల్లా జోగిపేటలో నిజామాంధ్ర ప్రథమ మహాసభ జరుగగా ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులైరి. ఆ తావుననే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగినది. విద్య, గ్రంథాలయములు, ప్రజల కష్టములు ఆ సభలలో చర్చకు వచ్చినవి. వా రప్పటికి ముప్పదిమూడేండ్లవారు.

ఇక వారి జీవితమున ముఖ్యఘట్టమునకు వచ్చుచున్నాము. ముడుంబ వేంకటరాఘవాచార్యులవారను పండితుడు నిజాము రాజ్యమున తెనుగు కవులు పూజ్యమని, అనగా సున్న యని, అర్థము వచ్చునట్లు వ్రాసిరి. ఆ మాట తెలంగాణమునందలి విద్వాంసులను బాధించెను. రాజ్యభాష కాక, పాఠశాలలు లేక, ముద్రాలయములు చాలక, కష్టముమీద తెనుగును కాపాడుకొనుచున్నవారికి, సాటి తెనుగువాడే మీయందు కవులు లేరనుట పుండుమీద కారము చల్లినట్లయ్యెను.

దీనికి ప్రత్యుత్తరము లెన్నివిధముల నీయవచ్చునో ఆలోచింతము. తిట్టుటకు తిట్టు ఒక విధము. అది సులభము, తృప్తికరమును. కాని తిట్టు చదివినవాడు తిట్టినవాని కోపమును తెలిసికొనునే గాని కవు లున్నారో లేరో తెలిసికొనలేడు. ప్రాచీనులను పేర్కొనుట రెండవ విధము. పాలకురికి సోమనాథుడును బమ్మెర పోతన్నయు మా వారు కారా యని యడుగవచ్చును. ఇది మేలైన ప్రశ్నయే. కాని పోతన్న నివాసము ఓరుగంటి ప్రాంతమా, కడప మండలమందలి ఒంటిమిట్టయా యని యా దినములలోనే పండితులు వివాదపడుచుండిరి. వివాదగ్రస్తుడైన సాక్షిని ముందు నిలిపినచో విచారణ సాక్షినిగూర్చి సాగును గాని వ్యాజ్యమునుగూర్చి సాగదు. అదియును గాక, ఆక్షేపము వర్తమానమును స్పృశించుచున్నది. అయిదునూఱేండ్ల క్రిందటి కవి వర్తమానమునకు సాక్షి కాజాలడు.

ప్రతాపరెడ్డిగారు మూడవ మార్గమును త్రొక్కిరి. 1934లో గోలకొండ కవుల సంచిక యను గ్రంథమును ప్రకటించిరి. అందు 354గురు కవులు చేరియున్నారు. కవుల వివరములు, వారి కవిత్వము, ఒక్కచోట పోగుచేయబడినవి. జిల్లాల పల్లెపట్టులకు వ్యాపించిన పత్రికయొక్క పరిచయము లిట్టి పనికి ఎంత తోడ్పడునో వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఎన్నడును అచ్చునెఱుగని కవులు పెక్కు రా గ్రంథముమూలమున లోకమునకు తెలియవచ్చిరి.

న్యాయవాదులమగుటచే మాకు ఈ ప్రత్యుత్తరముయొక్క నిర్మాణమును విప్పి చూడవలెనను కోరిక కలుగుచున్నది. చదువరులు కొంచె మోపిక వహింతురుగాక.

కవులు లేరను మాట సర్వనిషేధము. తర్కశాస్త్రము ప్రకారము దానిని ఖండించుట కొక్క కవి చాలును. అట్లయిన 354 మంది యేల? ఏలయన, ఒక్కని చూపినచో ఎదుటివాడు వీడొక్కడు తప్ప యనును. పదుగురిని చూపినచో ఈ పదుగురు తప్ప యనును. సర్వనిషేధమునకు చాటున నెప్పుడును ఒక చిన్న నిషేధము దాగియుండును: ఉన్నను లెక్కకు రారని. పైకి చెప్పిన మాటను మాత్రమే ఖండించువాడు సగము గెలుచును. చాటుననున్న మాటను గూడ కనిపెట్టి దానికి తగిన కొలది సాక్ష్యమును కూర్చువాడు సంపూర్ణముగా గెలుచును. మూడువందల యేబదినలుగురిని ఇద్దఱు ముగ్గురు తప్ప యనుటకు ఎవరికిని నోరాడదు.

మఱియు సాక్షుల సంఖ్య యెంత ముఖ్యమో సాక్షులను పరీక్షింప వీలుండుటయు నంత ముఖ్యము. మాయందు వందలకొలది కవులున్నారని వ్రాసియుండినచో అది వట్టి ప్రతిజ్ఞ. పేరు చెప్పి, పద్యమును చూపినచో, సందేహించువాడు తానే చదివి తెలిసికొనవచ్చును. ఎదుటివానికి పరీక్షించు నధికారము నిచ్చిన వాదమే వాదము. నమ్ముమని బలవంతపెట్టునది వాదము గాదు, ఆజ్ఞ.

మఱియొక గుణము. లేరని చెప్పుటకు వెదకియుండవలెను. వెదకక లేరనుట తన యజ్ఞానమును లోకమునకు అంటగట్టుట. ఒక ప్రాంతపు కవులు అచ్చులో కనబడకుండుటకు కవులు లేకపోవుట యొక కారణము కావచ్చును. ముద్రాలయములు లేకపోవుట, పత్రికలు లేకపోవుట, చదువువారికి కొను శక్తి లేకపోవుట మఱికొన్ని కారణములు కావచ్చును. సంచిక ఈ భేదమును ప్రత్యక్షముగా తేటపఱచినది. వెదకినవానికి దొరకినారు, వెదకనివానికి దొరకలేదు.

ఐనను న్యాయము తప్పక చెప్పవలసిన దొకటి కలదు. ఆ 354గురును సమానులైన కవు లని యెవరును చెప్పలేరు. కొందఱు ప్రౌఢులు, కొందఱు పద్యము కట్ట నేర్చినవారు. వాదమును విమర్శింపగోరువాడు ఈ బలహీనతను పట్టుకొనవచ్చును. బలహీనుడైన సాక్షిని కూడ పిలిచినచో బలవంతులైన సాక్షులకు గూడ చెఱుపు కలుగునని న్యాయవాదులందఱు ఎఱిగిన మాటయే. కాని యిచ్చట విచారణాంశ మేమి? కవులలో తారతమ్యము కాదు, కవుల యునికి. ఉనికిని స్థాపింపవలసిన చోట విస్తృతియే ప్రధానము. ఆ సంచిక తెలంగాణపు కవులు ఇతర ప్రాంతముల కవులకంటె గొప్పవారని స్థాపింపదు. స్థాపించినదని మనము చెప్పుకొన్నచో, సంచికను మనమే చెఱుపుకొన్నవార మగుదుము. సాక్ష్యము ఎంతవఱకు పోవునో అంతవఱకే వాదమును కొనిపోవుట వాదించువాని ప్రథమధర్మము. ఆవల నొక యడుగు వేసినను వెనుకటి యడుగులన్నియు సంశయాస్పదము లగును.

ఈ మార్గమున ప్రతాపరెడ్డిగారు ఒంటరివారు గారు. రాజా రామమోహనరాయలవారు 1818లో సహగమనమునుగూర్చి ప్రకటించిన చిన్న పొత్తమును సమర్థకునికిని నిషేధకునికిని జరిగిన సంవాదముగా వ్రాసి, ఎదుటిపక్షపు వాదమును ముందుగా నిలిపి, పిమ్మట దానికి సమాధానము చెప్పిరి. 1829లో ఆ దురాచారము చట్టముచే నిషేధింపబడెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరులవారు 1855లో వితంతువివాహమునకు పరాశరస్మృతినే ఆధారముగా చూపిరి. శాస్త్రమును నమ్మువారిని శాస్త్రముచేతనే యొప్పింపవలెనని వారు తెలిసికొనిరి. 1856లో చట్టము వచ్చెను. మన వీరేశలింగము పంతులుగారు 1879లో రాజమహేంద్రవరమున వితంతువివాహమునుగూర్చి యుపన్యసించి, పండితుల యాక్షేపములకు శాస్త్రవచనములతోడనే సమాధానములు వ్రాసి, 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వివాహమును జరిపించిరి. ఆ పంతులుగారే ఆంధ్రకవుల చరిత్రమును గూడ రచించుట గమనింపదగినది. సంస్కర్తయే చరిత్రకారుడగుట యాదృచ్ఛికము గాదు. ఉన్నదానిని మార్పగోరువాడు ముందుగా ఉన్నదేదో తెలిసికొనవలెను గదా.

తరువాత ప్రతాపరెడ్డిగారి కలము విశ్రమింపలేదు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, గ్రంథాలయోద్యమము, మొగలాయి కథలు మొదలగు గ్రంథములను రచించిరి. నాటకములు వ్రాసిరి. 1943లో హైదరాబాదున పుట్టిన యాంధ్ర సారస్వత పరిషత్తుకు సేవచేసిరి. ఐనను వారి కీర్తికి శాశ్వతమైన స్తంభము 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర.

ఈ గ్రంథమునకు వెనుకనున్న వాద మిది: రాజుల జయాపజయములను, వంశవృక్షములను చెప్పినంతమాత్రమున దేశచరిత్ర కాదు, ప్రజ లేమి తినిరి, ఏమి కట్టిరి, ఏయే యాటలాడిరి, ఏ పన్నులు కట్టిరి, ఏయే నమ్మకములచే నడచిరి యనుటయే చరిత్ర. ఇట్లు చెప్పుట సులభము. కాని సామాన్యుని జీవితమునకు శాసనము లెక్కడివి? రాజు శిలపై తన దానమును చెక్కించుకొనును. రైతు తన గంజిని చెక్కించుకొనడు. సాక్ష్యము లేని చోట వాద మెట్లు నిలుచును?

ప్రతాపరెడ్డిగారు సాక్ష్యమును ఎవరును వెదకని చోట వెదకిరి. శాసనములను, విదేశయాత్రికుల వ్రాతలను, సామెతలను ఉపయోగించిరి. కాని ముఖ్యముగా కావ్యములను సాక్షులుగా పిలిచిరి. పాలకురికి సోమనాథుని గ్రంథములనుండి ఆనాటి యాటపాటలను, వస్త్రభేదములను గ్రహించిరి. క్రీడాభిరామమునుండి కాకతీయుల ఓరుగంటి వీథులను, పూటకూళ్ళ యింటి భోజనమును, కోడిపందెములను, పొట్టేళ్ళ పోరును గ్రహించిరి. శుకసప్తతినుండి పల్లెటి కాపుల యిండ్లను, హంసవింశతినుండి వృత్తులను, పనిముట్లను గ్రహించిరి. తూర్పు చాళుక్యుల కాలమునుండి ఇరువదవ శతాబ్దపు మొదటి సంవత్సరములవఱకు ఇట్లు నడిపిరి.

కవి యతిశయోక్తులు చెప్పువాడు గదా, అతడు సాక్షి యెట్లగునని యొకరు ప్రశ్నింపవచ్చును. మంచి ప్రశ్న. రాజు సేన సముద్రమువలె నుండెనని కవి చెప్పినప్పుడు నమ్మనక్కఱలేదు; అచ్చట నతనికి పొగడవలసిన ప్రయోజన మున్నది. కాని యొక బాటసారి ఒక రూక యిచ్చి పూటకూళ్ళ యింట భోజనము చేసెనని చెప్పునప్పుడు అబద్ధమాడుటచే కవికి వచ్చు లాభమేమి? ప్రసంగవశమున, ప్రయోజనాపేక్ష లేక పడిన మాట ప్రతిజ్ఞచేసి చెప్పిన మాటకంటె తఱచుగా బలమైన సాక్ష్యము. ప్రతివాద్యుల సాక్షి నోటనుండి యనుకోకుండ వెలువడిన చిన్నమాట వ్యాజ్యమును తీర్చుట న్యాయస్థానములలో కద్దు. ఐనను ఒక కవి మాట నొక్కదానినే పట్టుకొనక, ఆ కాలపు మఱియొక కవి మాటతోను, శాసనముతోను పోల్చి చూచుట క్షేమము. పరస్పరము ఎఱుగని యిద్దఱు సాక్షు లొకేమాట చెప్పినప్పుడు సత్యము దగ్గఱకు వచ్చినదని తలపవచ్చును.

ఇట్టి గ్రంథమునందు లోపములు లేవని మేము చెప్పము. కావ్యముల కాలమును, కర్తృత్వమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు గలవు. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదము ప్రసిద్ధమే. కాలము మారినచో దానిపై నిలిపిన యనుమానమును మారును. కాని ఆధారము చూపి వ్రాసిన గ్రంథమునకు గల గొప్పగుణ మిదియే: అందలి తప్పును తరువాతివాడు ఆ గ్రంథముచేతనే దిద్దగలడు. ఆధారము చూపక వ్రాసినది తప్పైనను దిద్దుటకు వీలులేదు, ఒప్పైనను నమ్ముటకు వీలులేదు.

1952లో జరిగిన సామాన్య ఎన్నికలలో వారు వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. మరుసటి సంవత్సరము, 1953 ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున పరమపదించిరి. సాహిత్య అకాడమీ తన బహుమానములను మొట్టమొదట నొసగిన 1955వ సంవత్సరమున తెనుగునకు గాను ఆంధ్రుల సాంఘిక చరిత్రను గౌరవించెను. గ్రంథకర్త దానిని చూడ నోచుకొనలేదు.

ఈ చరిత్రమువలన వ్యాసరచన నభ్యసించువారు గ్రహింపవలసిన వేమి? ముందుగా, తా మేమి స్థాపింపబోవుచున్నారో ఒక్క వాక్యమున వ్రాసికొనవలెను. అది స్పష్టముగా లేనిచో వేయి సాక్షులును వ్యర్థము. పిమ్మట, ఆ వాక్యమునకు తగిన జాతి సాక్ష్యమును వెదకవలెను: ఉనికికి ఉదాహరణములు, పరిమాణమునకు లెక్కలు, కారణమునకు ముందు వెనుకల పోలిక. అనంతరము, ఎదుటివాని వాదమును అతడే చెప్పినయెడల ఎంత బలముగా చెప్పునో అంత బలముగా తాము చెప్పవలెను. గడ్డిబొమ్మను కొట్టినవానిని వీరుడనరు. తుదకు, తమ సాక్ష్యము ఎచ్చట నాగునో అచ్చటనే తామును ఆగవలెను.

ఒక చిన్న యుదాహరణము నిచ్చెదము. గ్రామమున గ్రంథాలయ ముండవలెనని వ్రాయవలసియున్నదనుకొందము. జ్ఞానము దీపమువంటిదని పది వాక్యములు వ్రాయుటకంటె, నిజాము కాలమున గ్రంథాలయ స్థాపనకు అనుమతి యేల కావలసివచ్చెనో వ్రాయుట మేలు. పుస్తకములున్నచోట జనులు కూడుదురు, కూడినచోట నాలోచింతురు, ఆలోచించినచోట ప్రశ్నింతురు అని పాలకులు తలచుటయే గదా కారణము. గ్రంథాలయముయొక్క ప్రయోజనమునకు దానిని చూచి భయపడినవాడే సాక్షి. పుస్తకములు కొను ధనముతో వైద్యశాల కట్టరాదా యని యొకడు అడుగును. దానికిని సమాధానము చెప్పవలెను. అప్పు డది వ్యాస మగును.

ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చు విద్య యని యెవరును తలపకుందురుగాక. ఒకరి కులమునుగూర్చియో, ఊరినిగూర్చియో, మతమునుగూర్చియో, స్త్రీజాతినిగూర్చియో వారియందు యోగ్యులు లేరని చులకనగా పలుకు వాడుక నేటికిని చావలేదు. చేతిలోని ఫోనునందు అట్టి మాట యొక్క గడియలో ఊరూరను ప్రాకుచున్నది. దానికి తిట్టుతో బదులు చెప్పువారు లక్షలమంది; పేరు పేరున వెదకి కూర్చి చూపువారు పదుగురు లేరు. ప్రతాపరెడ్డిగారు నడపిన గోలకొండ పత్రిక నేడు లేదు. ఆయన యెదిరించిన శాసనములును నేడు లేవు. కవులు పూజ్యమను మాట నేడెవరికైన జ్ఞాపకమున్నచో, అది దానికి సమాధానముగా వెలసిన సంచికమూలముననే జ్ఞాపకమున్నది.

కావున సోదరులారా, సోదరీమణులారా! మీరు వ్రాయు ప్రతి వాక్యముచెంతను ఒక యదృశ్యుడైన ప్రశ్నకుడు నిలిచి, ఎట్లు తెలియునని యడుగుచున్నాడని తలపుడు. వాడు మీ శత్రువు గాడు. మీ వాదమునకు వాడే రక్షకుడు. వానికి వినయముతో, నిదానముతో, ఆధారముతో సమాధానము చెప్పు నలవాటు మన యువజనులకు కలిగినచో, మన సభలలో కేకలు తగ్గును; మన దేశమున సత్యమునకు చోటు పెరుగును.